డౌన్‌హిల్ బైకింగ్: బ్రేకు సరిచూసుకోవడం మొదలు బ్లాక్ ట్రయల్ దాకా

డౌన్‌హిల్‌లో కొండ ఎక్కించే పని తీగ మీద నడిచే లిఫ్టుది, దిగే పని మనది. పోటీల్లో ఒక్కొక్కరే దిగుతారు, ఎవరి సమయం తక్కువైతే వాళ్లదే గెలుపు. స్కాట్లాండులోని ఫోర్ట్ విలియమ్ ట్రాక్ మీద సుమారు 550 మీటర్ల ఎత్తు నుంచి ప్రపంచస్థాయి రైడర్లు ఐదు నిమిషాల లోపే కిందికి వచ్చేస్తారు. చూసేవాళ్లకు అదంతా తెగింపులా అనిపిస్తుంది. ట్రాక్ పక్కన నిలబడి చెవిపెట్టి వింటే మాత్రం బ్రేకు శబ్దం వచ్చే చోట్లు చాలా తక్కువనీ, ప్రతిసారీ దాదాపు అక్కడక్కడే వస్తుందనీ తెలుస్తుంది. ఎక్కడ గట్టిగా పట్టాలో, ఎక్కడ పూర్తిగా వదిలేయాలో తెలిసినవాళ్లే వేగంగానూ, ఎముకలు విరగకుండానూ దిగుతారు. కాబట్టి ఇక్కడ వరుస కూడా అదే: ముందు బ్రేకులు, తరవాత టైర్లు, ఆపైన సస్పెన్షన్, చివరికి రైడింగ్.

ఉదాహరణకు కెనడాలోని విస్లర్ బైక్ పార్కును తీసుకుందాం. వాంకూవర్ నుంచి కారులో సుమారు 120 కిలోమీటర్లు. వాంకూవర్, సియాటిల్ ప్రాంతాల తెలుగువాళ్లు వారాంతంలో వెళ్లి రాగల చోటు. దాని గురించి చెప్పినవన్నీ లిఫ్టు ఉన్న మరే పార్కుకైనా పనికొస్తాయి.

బైకు

మొదటి సీజనుకు అద్దె బైకే మేలు. డౌన్‌హిల్ బైకు అంటే ముందూ వెనకా దాదాపు 200 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ప్రయాణం (కిందికీ పైకీ కదిలే దూరం), హెడ్ ట్యూబుకు, అంటే ఫ్రేము ముందు గొట్టానికి, పైనా కిందా రెండు క్రౌన్లతో (బిగింపులతో) పట్టుకునే ఫోర్కు (ముందు చక్రాన్ని మోసే రెండు కాళ్లు), నాలుగు పిస్టన్ల బ్రేకులు, 16 నుంచి 18 కిలోల బరువు. ఇప్పుడు చాలా బైకులకు ముందు 29 అంగుళాలు, వెనక 27.5 అంగుళాల చక్రాలు వస్తున్నాయి. ముందు పెద్ద చక్రం గుంతల మీద తేలిగ్గా దొర్లిపోతుంది, వెనక చిన్నది ఉండటం వల్ల నిటారు దిగుళ్లలో టైరు నడుముకు తగలదు. రోడ్డు సైకిలుకో, వెనక సస్పెన్షన్ లేని మామూలు హార్డ్‌టెయిల్‌కో ఈ పని అప్పగించవద్దు. ఫ్రేము విరిగేది జంపు మీద కాదు, దిగిన చోట.

అద్దెకిచ్చే కౌంటరులో మీ బరువు నిజంగా ఎంతో అంతే చెప్పండి, హెల్మెట్, ప్యాడ్లు, నీళ్ల సంచితో సహా. సిగ్గుపడి ఐదు కిలోలు తగ్గించి చెబితే స్ప్రింగు తప్పుతుంది.

బ్రేకులు: కదలక ముందే చూడాల్సినవి

ఇండియాలో సైకిలు నేర్చుకున్నవాళ్లకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మన దగ్గర బండ్ల మీద లాగే సైకిళ్ల మీద కూడా సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికా, కెనడాల్లో తిరగేసి ఉంటుంది: ఎడమచేయి ముందు చక్రానికి, కుడిచేయి వెనక చక్రానికి. నిటారు వాలు మీద కంగారులో వెనక బ్రేకు అనుకుని ఎడమ లివరు నొక్కితే హ్యాండిలు మీదుగా ఎగిరి ముందు పడతారు. రెండు దారులు ఉన్నాయి. సొంత బైకైతే హోసులు మార్పించుకోండి, మెకానిక్కుకు పెద్ద పని కాదు. అద్దె బైకైతే లిఫ్టు ఎక్కేముందు పార్కింగు స్థలంలో పావుగంట, ఒక్కో లివరు విడివిడిగా నొక్కుతూ, చేయి అలవాటు పడేదాకా తిరగండి.

తరవాత లివరు అమరిక. ఒక్క చూపుడు వేలుతోనే బ్రేకు వేయాలి, మిగతా వేళ్లు గ్రిప్పును పట్టుకుని ఉండాలి. అందుకు లివరు బిగింపును హ్యాండిలు లోపలి వైపుకు జరిపి, చూపుడు వేలు లివరు చివరి వంపు మీద పడేలా పెట్టుకోండి. అక్కడైతే తక్కువ బలంతో ఎక్కువ బ్రేకు వస్తుంది. లివరు గ్రిప్పుకు ఎంత దూరంలో ఉండాలో చిన్న స్క్రూతో మార్చుకోవచ్చు. వేలి మొదటి కణుపు లివరు మీద ఆనాలి. నిటారు ట్రయల్స్‌కు వెళ్లేవాళ్లు లివరును కాస్త పైకి తిప్పుకుంటే మణికట్టు మీద భారం తగ్గుతుంది.

కొత్త ప్యాడ్లో, కొత్త రోటరో (ప్యాడ్లు నొక్కి పట్టే పళ్లెం) వేస్తే వాటిని పదును పెట్టాలి, అంటే రెండూ ఒకదానికొకటి అలవాటు పడేలా చేయాలి. చదునైన చోట మోస్తరు వేగంతో వెళ్తూ, పూర్తిగా ఆగకుండా, నడక వేగానికి తగ్గేదాకా నొక్కి వదలాలి. ఇలా ఒక్కో బ్రేకుకు 20 సార్లు, ఇంకాస్త వేగంతో మరో 10 సార్లు. పూర్తిగా ఆపితే ప్యాడు పదార్థం రోటరు మీద ఒకే చోట అంటుకుని, తరవాత బ్రేకు వేసినప్పుడల్లా దడదడలాడుతుంది. ఈ పని చేయకుండా నేరుగా కొండ మీదికి పోతే మొదటి నిటారు చోటే ప్యాడు పైపొర కాలి అద్దంలా మెరుస్తుంది, కీచుమంటుంది, పట్టు పోతుంది. అప్పుడు ప్యాడు బయటికి తీసి గరుకు కాగితం మీద మెరుపు పోయేదాకా రుద్ది మళ్లీ మొదటి నుంచి పదును పెట్టాలి. నూనె పడిన ప్యాడును బాగు చేయాలని చూడకండి, పారేయండి.

డౌన్‌హిల్‌కు మెటాలిక్ ప్యాడ్లే వాడాలి. ఆర్గానిక్ ప్యాడ్లు శబ్దం చేయవు, తొందరగా పట్టుకుంటాయి గానీ వేడికి ఆగవు. వేడి ఈ ఆటకు పుట్టుకతోనే వచ్చిన సమస్య. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కుర్రాళ్లు పాత సైకిళ్లతో కొండ దిగుడు పందాలు మొదలుపెట్టినప్పుడు వెనక హబ్బులో ఉండే బ్రేకు వేడికి గ్రీజంతా పొగైపోయేది. ఒక్క దిగుడుకే హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. ఇప్పటి రోటర్లు 200 మిల్లీమీటర్లు, బరువైన రైడర్లకు ముందు 220 కూడా వాడుతున్నారు. అయినా పై నుంచి కింది దాకా బ్రేకును సన్నగా పట్టుకునే దిగితే అవీ వేడెక్కి చేతులెత్తేస్తాయి.

లివరు నొక్కితే గ్రిప్పు దాకా మెత్తగా వచ్చేస్తోందా? గొట్టంలో గాలి చేరింది, లేదా ద్రవం మరిగింది. బ్లీడ్ చేయించే (గాలి తీయించి ద్రవం నింపించే) దాకా ఆ బైకు ఎక్కకండి. ఏ ద్రవం పోయాలో లివరు మూత మీద రాసి ఉంటుంది. డాట్ ద్రవం వాడే బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా, దానిలో ఇది పోసినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకని బైకు పార్కుకు తరచూ వెళ్లేవాళ్లు ఏడాదికి ఒకసారైనా మార్చాలి.

టైర్లు

రెండు పొరల డౌన్‌హిల్ కేసింగు ఉన్న టైరే వేయండి. బరువెక్కువ, కానీ రాయి అంచు తగిలితే చీలదు. గేర్‌తో సహా 75 కిలోల రైడరుకు ముందు 23 నుంచి 25 పీఎస్‌ఐ, వెనక 26 నుంచి 28 పీఎస్‌ఐ మంచి మొదలు. లోపల ఫోము ఇన్సర్టు ఉంటే రెండు మూడు పీఎస్‌ఐ తగ్గించుకోవచ్చు. నేల మీద పెట్టి కొట్టే పంపు గేజీని ఇంత తక్కువ గాలి దగ్గర నమ్మలేం. చిన్న డిజిటల్ గేజీ కొనుక్కుని ఎప్పుడూ దాంతోనే కొలవండి.

గాలి తక్కువైతే రాళ్ల మీద రిమ్ము టంగుమని కొట్టుకుంటుంది, బర్ములో (మలుపు బయటి వైపు గోడలా కట్టిన మట్టిగట్టు) గట్టిగా తిరిగినప్పుడు టైరు పక్కకు మడత పడి బైకు ఊగినట్టుంటుంది. ఎక్కువైతే వేర్ల మీద టైరు బంతిలా ఎగిరి పక్కకు జారుతుంది. మార్చేటప్పుడు ఒక్కో పీఎస్‌ఐ చొప్పున మార్చండి. తడి రోజున ఒకటి రెండు తగ్గించడం మామూలే.

ట్యూబ్‌లెస్ టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంటు పోయాలి. రెండు మూడు నెలలకు అది ఎండిపోతుంది. చక్రం విప్పి చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం కదిలే చప్పుడు వినపడాలి, వినపడకపోతే మళ్లీ పోయాలి.

సస్పెన్షన్: ఓపిక ఇక్కడ పెట్టండి

చాలామంది బైకు బాగాలేదనుకునేది నిజానికి సస్పెన్షన్ అమరిక తప్పడం వల్లే. మొదట కొలవాల్సింది శాగ్, అంటే మీరు ఎక్కి నిలబడితే మీ బరువుకే సస్పెన్షన్ ఎంత కిందికి కూర్చుంటుందో ఆ లెక్క. ఫోర్కుకు మొత్తం ప్రయాణంలో 20 శాతం, వెనక షాకుకు (వెనక చక్రపు సస్పెన్షన్‌కు) 30 శాతం దగ్గర మొదలుపెట్టండి.

1. హెల్మెట్, ప్యాడ్లు, బూట్లు అన్నీ వేసుకోండి. ఒకరిని బైకు పట్టుకోమనండి.
2. పెడళ్ల మీద నిలబడి, మోచేతులు వంచి, దిగేటప్పుడు ఎలా ఉంటారో అలా ఉండండి. రెండు మూడుసార్లు కిందికి పైకి ఊగి కదలకుండా ఆగండి. సీటు మీద కూర్చుని కొలిస్తే బరువంతా వెనక్కి పోయి లెక్క తప్పుతుంది.
3. పట్టుకున్నవాళ్లు ఫోర్కు కాలి మీది ఓ-రింగును సీలు దాకా తోయాలి. మెల్లగా దిగి స్కేలుతో కొలవండి. 200 మిల్లీమీటర్ల ఫోర్కుకు 40 రావాలి. ఎక్కువ వస్తే గాలి పెంచండి, తక్కువైతే తగ్గించండి.
4. వెనక కాయిల్ షాకు అయితే రెండు బోల్టుల మధ్య దూరం ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, మీరు నిలబడ్డాక ఒకసారి కొలవండి. షాకు స్ట్రోకు 75 మిల్లీమీటర్లయితే తేడా 22 లేదా 23 రావాలి.

స్ప్రింగు మార్చాలా అన్నది చిన్న లెక్క. 400 పౌండ్ల స్ప్రింగుతో 25 మిల్లీమీటర్లు కూర్చుంది, మనకు 22.5 కావాలి. 400ను 25తో హెచ్చించి 22.5తో భాగిస్తే 444 వస్తుంది, అంటే 450 పౌండ్ల స్ప్రింగు తెచ్చుకోవాలి. దానికి బదులు స్ప్రింగును ముందే నొక్కి ఉంచే ప్రీలోడ్ రింగును బిగించేసి సరిపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అది తప్పు. స్ప్రింగు గలగలలాడకుండా ఆనాక ఒకటి, మహా అయితే రెండు చుట్లు, అంతే. అంతకు మించితే చిన్న గతుకులకు కదలదు, పెద్ద దెబ్బకు మాత్రం అడుగుదాకా పోతుంది.

తరవాత రీబౌండ్, అంటే నొక్కుకున్న సస్పెన్షన్ ఎంత తొందరగా పైకి లేస్తుందో నియంత్రించే ఎర్ర నాబు. పూర్తిగా మూసి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ మధ్యకు తెరవండి. ఫుట్‌పాత్ అంచు మీంచి నిలబడి మెల్లగా దిగితే బైకు ఒక్కసారి లేచి స్థిరపడాలి. రెండు మూడుసార్లు ఊగితే మరీ వేగంగా ఉంది. ఈ వేగం వెనక షాకులో ఉంటే జంపు అంచున బైకు వెనక భాగం మిమ్మల్ని ముందుకు విసిరేస్తుంది. జంపుల మీద జరిగే ఘోరమైన పడుళ్లలో ఇదో పెద్ద కారణం. మరీ నెమ్మదిగా ఉంటే వరస గతుకుల్లో ఒక దెబ్బ నుంచి లేవకముందే ఇంకో దెబ్బ తగిలి, సస్పెన్షన్ కిందికి దిగబడిపోయి రాయిలా గట్టిపడుతుంది. అరచేతులు మండుతుంటే చాలామంది ఫోర్కు గట్టిగా ఉందనుకుని గాలి తగ్గిస్తారు, సమస్య ఇంకా ముదురుతుంది. ముందు రీబౌండ్ రెండు క్లిక్కులు తెరిచి చూడండి.

సస్పెన్షన్ ఎంత తొందరగా కిందికి నొక్కుకుంటుందో నియంత్రించే కంప్రెషన్ నాబులు మొదటి రోజు తెరిచే ఉంచవచ్చు. బ్రేకు వేసినప్పుడు ముందు భాగం బాగా కుంగిపోతుంటే లో-స్పీడ్ కంప్రెషన్ పెంచాలి. పెద్ద డ్రాపుల్లో (దారి ఒక్కసారిగా తెగి కిందికి దిగే మెట్లలో) అడుగు తగిలి ఠంగుమంటుంటే హై-స్పీడ్ కంప్రెషన్ పెంచాలి, లేదా గాలి గదిలో ఒక స్పేసరు వేయాలి. రోజంతటిలో అతిపెద్ద దెబ్బకు ఒకటి రెండుసార్లు ఫోర్కు చివరిదాకా వెళ్లడం సరైన అమరికే. అసలు వెళ్లకపోతే మీరు డబ్బు పెట్టిన ప్రయాణంలో కొంత వాడనట్టే.

ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు క్లిక్కులే మార్చండి, అదే ముక్కను మళ్లీ దిగి చూడండి. పాత అంకె, కొత్త అంకె ఫోనులో రాసుకోండి.

ఒంటి మీద

గడ్డం కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్ తప్పనిసరి; లోపలి చీటీ మీద డౌన్‌హిల్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం ఎఫ్1952 రాసి ఉందా చూడండి. గాగుల్స్, నిండు వేళ్ల గ్లవ్స్, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, వీపుకు రక్షణ. మెత్తని అడుగున్న బూట్లు, ముళ్లున్న ఫ్లాట్ పెడళ్లు. మామూలు రన్నింగ్ షూ పెడలు మీంచి జారుతుంది, జారితే ఆ ముళ్లు పిక్కను కోసేస్తాయి. ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా మళ్లీ వాడకూడదు, లోపలి ఫోము నలిగిపోయి ఉంటుంది.

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. బైకు పార్కు రైడింగును సాహస క్రీడ కింద పక్కన పెట్టే పాలసీలు చాలా ఉన్నాయి.

నిలబడే తీరు

సీటు పూర్తిగా కింద ఉంటుంది, దాని మీద కూర్చోరు. రెండు పెడళ్లు నేలకు సమానంగా, మడమలు కిందికి, మోకాళ్లు మోచేతులు వంగి బయటికి, ఛాతీ హ్యాండిలు వైపు వాలి ఉండాలి. బరువంతా పాదాల మీద, చేతుల మీద కాదు. భయం వేయగానే ఒళ్లు వెనక్కి, వెనక టైరు మీదికి పోతుంది. అప్పుడు ముందు టైరు మీద బరువు ఉండదు, చేతులు చాచుకుపోయి హ్యాండిలు తిప్పలేరు, మలుపులో ముందు చక్రం జారిపోతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే నడుము అంత వెనక్కి వెళ్లొచ్చు, కానీ మోచేతుల్లో వంపు మిగలాలి. అదే కొలత.

చూపు ముందు చక్రం మీద ఉండకూడదు. మలుపులోకి వెళ్లకముందే మలుపు బయట ఎక్కడ తేలతారో అక్కడ చూడాలి. రాయిని చూస్తూ వెళ్తే రాయినే ఢీకొంటారు.

పట్టడం, వదలడం

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. అందులో కొంత బ్రేకుకు పోతే తిరగడానికి మిగిలేది అంతే తక్కువ. అందుకే బ్రేకు మలుపుకు ముందు, బైకు నిటారుగా ఉన్నప్పుడు, రెండు చక్రాలకూ గట్టిగా వేసి, మలుపు మొదలయ్యే చోట పూర్తిగా వదిలేయాలి. కొత్తవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు: ముందు వదిలేసి వెళ్లి, మలుపు మధ్యలో భయపడి బ్రేకు నొక్కుతారు. మధ్యలో ముందు బ్రేకు పడితే బైకు నిటారుగా లేచి బర్ము పైనుంచి బయటికి పోతుంది.

వేర్ల దగ్గర నియమం ఇంకా కఠినం. వేరు దారికి అడ్డంగా, ఏటవాలుగా ఉందనుకోండి. దాని మీద చక్రం బిగిసి ఉంటే వేరు వెంబడే పక్కకు జారుతుంది, తడి వేరైతే ఇక చెప్పక్కర్లేదు. వేరుకు ఓ రెండు మీటర్ల ముందు మట్టి మీద వేగం తగ్గించుకుని, వేరు మీద రెండు లివర్లూ వదిలేసి, పాదాలు తేలికచేసి దాటండి. చక్రం దొర్లుతుంటే గనక జారినా మళ్లీ పట్టు దొరుకుతుంది.

దీన్ని నేర్చుకోవడానికి చక్కని అభ్యాసం ఉంది. తేలికైన ఒక 100 మీటర్ల ముక్క ఎంచుకుని, బ్రేకు వేయదగ్గ చోట్లు ముందే మూడు అనుకోండి. ఆ మూడు చోట్ల తప్ప లివరు మీద వేలు నొక్కకూడదు. మొదటిసారి నెమ్మదిగా వెళ్లినా పరవాలేదు. అదే ముక్కను తిరిగి దిగేకొద్దీ బ్రేకు సమయం తగ్గుతుంది, చేతులు తేలికపడతాయి. ముంజేతులు బిగుసుకుని వేళ్లు ముడుచుకోలేనంత నొప్పి వస్తుందంటే దాదాపు ఎప్పుడూ బ్రేకును అదేపనిగా పట్టుకున్నట్టే.

మలుపులు, డ్రాపులు, జంపులు

గోడ కట్టిన బర్ములో పెడళ్లు సమానంగా ఉంచి, ఎత్తులోంచి ప్రవేశించి, బైకుతోపాటు ఒళ్లూ వాలాలి. గోడలేని చదును మలుపులో బయటి కాలు కిందికి దించి దాని మీద బరువు వేసి, బైకును మాత్రమే ఎక్కువ వాల్చి, ఒళ్లు నిటారుగా ఉంచాలి.

డ్రాపును ముందు ఆగి, నడిచి, దిగే చోటు చూడండి. వేగం మరీ తక్కువైతే ముందు చక్రం అంచు దాటగానే కిందికి వాలిపోయి తలకిందులవుతారు. నడక వేగం కంటే కాస్త ఎక్కువతో, మడమలు కిందికి పెట్టి, చక్రం అంచు దాటుతుండగా హ్యాండిలును ముందుకు తోయాలి. పైకి లాగకూడదు. దిగే వాలుకు బైకు సమాంతరంగా రావాలి. మోకాలెత్తు డ్రాపు మీద ఇది నిద్రలో కూడా చేయగలిగేదాకా పెద్దదాని జోలికి పోవద్దు.

జంపులు టేబుల్‌టాప్‌తోనే నేర్చుకోవాలి. ఎక్కే వాలుకూ దిగే వాలుకూ మధ్య మట్టి నింపి ఉంటుంది కాబట్టి తక్కువ దూరం ఎగిరినా మధ్యలో దిగుతారు, గుంతలో పడరు. ఎక్కే వాలు మీద బ్రేకు వేయొద్దు, పెడలు తొక్కొద్దు. వాలు అడుగున కాస్త కుంగి, పైకి వెళ్లేకొద్దీ కాళ్లతో నొక్కుతూ నిలబడాలి. కాళ్లు చచ్చుపడినట్టు వదిలేస్తే వాలే వెనక చక్రాన్ని పైకి తన్ని ముక్కు కిందికి పడేస్తుంది.

విస్లర్‌లో వరుస

పచ్చ వలయం తేలిక, నీలి చదరం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం, రెండు నల్ల వజ్రాలు నిపుణులకు. ఈజీ డస్ ఇట్ అనే పచ్చ ట్రయల్ మీద బ్రేకు అభ్యాసం చేయండి. అది విసుగనిపించాక నీలి రంగు బీ-లైన్. ఆ తరవాత క్రాంక్ ఇట్ అప్, ఇదీ నీలిదే, టేబుల్‌టాప్‌లు నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. దానిమీద ప్రతి జంపులో దిగే వాలు మీదనే, పై అంచు తగలకుండా దిగగలిగితేనే ఏ-లైన్, నల్ల వజ్రం. ఏ-లైన్ జంపులు పెద్దవి, వరసగా వస్తాయి, వేగం కావాలి. మధ్యలో బ్రేకు పట్టేవాళ్లు తరవాతి జంపుకు చాలినంత వేగం లేక అంచుకు కొట్టుకుంటారు. మొదటి రోజే అక్కడికి చేరాలన్న తొందర అక్కర్లేదు.

ఏ ట్రయలైనా మొదటి దిగుడు చూడటానికే. ఆగేటప్పుడు జంపు కింద ఆగకండి, పైనుంచి కనిపించే చోట ట్రయల్ బయటికి జరగండి. ఎవరైనా పడితే ఒకరు పైకి వెళ్లి, వచ్చేవాళ్లకు దూరం నుంచే కనిపించేలా తల పైన చేతులు అడ్డంగా పెట్టి నిలబడాలి. పడినవాళ్లు మెడ నొప్పి అంటే కదిలించకుండా పార్కు గస్తీ సిబ్బందిని పిలవండి. తల తిరగడం, వాంతి, చెప్పిందే మళ్లీ చెప్పడం ఉంటే ఆరోజు రైడింగు ముగిసింది, ఆసుపత్రికి వెళ్లాలి.

అలసిపోయాక "ఇంకొక్కటే" అని లిఫ్టు ఎక్కకండి. వేళ్లలో పట్టు తగ్గిందనిపించినప్పుడు పచ్చ ట్రయల్ మీదుగా మెల్లగా దిగి వచ్చేయండి.

దిగాక

సొంత బైకైతే మెత్తని నీటి ధారతో కడగండి. ప్రెషర్ వాషర్‌ను బేరింగులకు, ఫోర్కు సీళ్లకు గురిపెడితే గ్రీజు పోయి నీళ్లు లోపలికి చేరతాయి. రోటర్ల మీద చైను నూనె తుంపర పడకుండా గుడ్డ కప్పాలి. ప్యాడును దాని వెనక రేకుతో కలిపి కొలిస్తే మొత్తం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చాలి. చువ్వలను రెండేసి పట్టుకుని నొక్కితే వదులైనవి దొరుకుతాయి. స్టెమ్, క్రౌన్, కాలిపర్ బోల్టులను వాటి మీద అచ్చు వేసిన టార్కు అంకె ప్రకారమే టార్కు రెంచీతో చూడండి, చేతి అంచనాతో వద్దు. ఫోర్కు కింది కాళ్ల నూనె 50 గంటల రైడింగుకు, లోపలి డాంపరు (ఊపును అదుపు చేసే భాగం) 200 గంటలకు సర్వీసు చేయించాలని కొందరు తయారీదార్లు చెబుతారు. లిఫ్టు పార్కులో గంటలు చాలా తొందరగా పోగవుతాయి, కాబట్టి రోజుకు ఎన్ని దిగుళ్లు దిగారో క్లిక్కుల లెక్క రాసుకున్న చోటే రాసుకుంటే సర్వీసు ఎప్పుడు చేయించాలో తెలిసిపోతుంది.